ఇరవై అయిదో ఏటి అతిథి

మా ఆడపడుచు ఆఫ్రాకి మొండిఘటం అని పేరు పెట్టింది నేను కాదు, ఆవిడ కన్నతల్లే. నేను కోడలిగా అడుగుపెట్టిన మొదటి వారంలోనే మా అత్తగారు నన్ను పక్కకి పిలిచి, "జీటా, దాంతో వాదించి గెలవాలని చూడకు, నీ ఆరోగ్యం పాడవుతుంది" అని చెప్పింది. ముప్ఫై ఎనిమిదేళ్ళయింది. నా ఆరోగ్యం ఎలా ఉందో దేవుడికే తెలుసు.

ఇటలీ ఉత్తరపు కొసన మా దక్షిణ టైరోల్ కొండల్లో పొలాన్ని ముక్కలు చెయ్యరు, అంతా ఒక్కరికే పోతుంది. ద్రాక్షతోట మా ఆయన వెండెలిన్‌కి వచ్చింది. తోటని ఆనుకుని ఉన్న ఏడు గదుల పాత ఇల్లు ఆఫ్రాకి మిగిలింది. ఇంకొకరైతే మూతి ముడుచుకుని కూర్చునేవారు. ఆవిడ నెల తిరక్కుండా ఏడు పరుపులు కొని, గుమ్మం పక్కన 'గదులు ఖాళీ' అని పలక తగిలించింది. పెళ్ళి మాట ఎత్తితే, "పరుపులు ఎండబెట్టాలి, తర్వాత చూద్దాం" అనేది. ఆ తర్వాత అన్నది అరవై ఆరేళ్ళు వచ్చినా రాలేదు.

చవక గెస్ట్‌హౌస్ అంటే చవక గెస్ట్‌హౌసే. వరండా చివర రెండు స్నానాల గదులు, అందరికీ అవే. గదుల్లో టీవీ లేదు. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా కాఫీ, రొట్టె, పొగబెట్టిన పంది మాంసం, ఆవిడ చేత్తో చేసిన ఆప్రికాట్ జామ్. సాయంత్రం మా తోట వైన్ ఒక కూజా తెచ్చి బాల్కనీలో పెడుతుంది, రొట్టె, జున్ను ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. ఈత కొలను ఉందా అని ఎవరైనా అడిగితే కింద సరస్సు చూపించి, అది మా తాతల కాలం నుంచీ ఉంది, నీళ్ళు మార్చే పని కూడా లేదు అంటుంది. మాట కరుకు గానీ, గుమ్మంలోకి వచ్చిన వాళ్ళని లేదు పొమ్మనడం మాత్రం ఆవిడకి చేతకాదు. గదులన్నీ నిండిపోతే తన మంచం ఇచ్చేసి, దిండు చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చేస్తుంది. వచ్చి నా దుప్పటి లాక్కుని పడుకుంటుంది. దుప్పట్లూ దిండు గలీబులూ ఇస్త్రీ చేసేది కూడా నేనే, అది వేరే సంగతి.

ఆవిడ మనసులో ఉన్న ముల్లు ఒక్కటే, వెండి బిళ్ళ. మా ఊళ్ళో ఒకే ఇంట్లో ఇరవై అయిదేళ్ళు వరసగా బస చేసిన అతిథికి పర్యాటక సంఘం వాళ్ళు చొక్కాకి వెండి బిళ్ళ తగిలిస్తారు. బాజాలు, ఉపన్యాసం, ఊరి పత్రికలో ఫోటో. పేరు అతిథిదే, పరువు మాత్రం ఆ ఇంటిది. సంఘం అధ్యక్షుడు ఎగాన్ పెద్ద రోడ్డు మీద నలభై గదుల హోటల్ నడుపుతాడు. వాళ్ళ హాల్లో అలాంటి ఫోటోలు పన్నెండు వేలాడుతున్నాయి. ఆఫ్రా గోడ మీద ఒక్కటీ లేదు. చవక గదులకి వచ్చేవాళ్ళు పదిహేనేళ్ళకో పద్దెనిమిదేళ్ళకో మోకాళ్ళు అరిగి ఆగిపోతారు, లేదా ఏకంగా పైకే పోతారు. స్టుట్‌గార్ట్ నుంచి వచ్చే ఒక జంట ఇరవై మూడో ఏట, లిఫ్టు ఉందని ఎగాన్ దగ్గరికి మారిపోయారు. ఆ చలికాలమంతా ఆవిడ ఎగాన్‌తో మాట్లాడలేదు. చర్చిలో అతను కుడివైపు కూర్చుంటే ఈవిడ ఎడమవైపుకి పోయేది.

ఇక మిగిలింది గెబ్‌హార్ట్ రౌషర్. జర్మనీలో, ఆగ్స్‌బర్గ్‌లో ట్రాము నడిపి రిటైరైన మనిషి. మొదట్లో భార్యతో వచ్చేవాడు. ఎనిమిదో ఏట ఆవిడ పోయింది, తొమ్మిదో ఏట నుంచి ఒక్కడే. ప్రతి అక్టోబరులో, కొత్త వైన్ దిగి చెస్ట్‌నట్‌లు రాలే రోజుల్లో, నాలుగో నంబరు గది. ట్రాము నడిపినవాడు కదా, చెప్పిన బస్సుకే దిగుతాడు, ఒక్క నిమిషం అటూ ఇటూ ఉండదు. ఊరికే కూర్చోలేడు. తలుపులు కిర్రుమంటే నూనె పోస్తాడు, కుళాయి కారితే బిగిస్తాడు. ఆయనకి ఆఫ్రా మీద మనసుందని మా ఊరి కుక్కలకి కూడా తెలుసు. ఆవిడకి మాత్రం తెలియదని నేను అనుకునేదాన్ని.

కిందటి అక్టోబరులో ఒక సాయంత్రం ముగ్గురం ద్రాక్ష పందిరి కింద కూర్చుని కాల్చిన చెస్ట్‌నట్‌లు వలుస్తున్నాం. గెబ్‌హార్ట్ చేతులు తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఆఫ్రా గారూ, ఎన్నాళ్ళిలా వస్తూ పోతూ ఉండను? మీరు సరేనంటే ఇక్కడే ఉండిపోతాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

నేను లేచి పోదామా అనుకున్నాను గానీ కాళ్ళు కదలలేదు. సరే, కదల్చలేదు. ఆఫ్రా మొహం చెవులదాకా ఎర్రబడింది. ఆవిడ మొహంలో అంత సంతోషం నేను ఎన్నడూ చూడలేదు. అంతలో ఏం గుర్తొచ్చిందో, వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలెట్టింది.

"ఇది మీకు ఎన్నో ఏడు?"

"ఇరవై నాలుగు."

"అయితే వచ్చే ఏడు చెబుతాను."

పాపం ఆ మనిషి తలూపి, ఇంకో చెస్ట్‌నట్ తీసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోకి లాక్కెళ్ళి, నీకేమైనా మతి పోయిందా వదినా అని అడిగాను. ఆవిడ చాలా ఓపిగ్గా, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "పెళ్ళి చేసుకుంటే ఆయన అతిథి ఎలా అవుతాడే? లెక్క ఆగిపోదూ? ఒక్క ఏడు. ఒక్కటంటే ఒక్క ఏడు ఆగితే బిళ్ళా వస్తుంది, మనిషీ వస్తాడు." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇలాంటి ఆలోచన మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క క్షణం నాకూ అది సబబుగానే అనిపించింది.

మే నెలలో ఉత్తరం వచ్చింది. గుండెకి ఆపరేషన్ చేశారట, నెమ్మదిగా కోలుకుంటున్నాడట, మెట్లు ఎక్కొద్దన్నారట. అక్టోబరు సంగతి డాక్టరు చెప్పాలి అని చివర రాశాడు. ఆఫ్రా ఉత్తరాన్ని ఆప్రాన్ జేబులో పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు ఏడు గదుల పరదాలూ విప్పి ఉతికింది. మర్నాడు మళ్ళీ అవే ఉతికింది. మూడోరోజు కూడా తొట్టిలో వేస్తుంటే నేను చెయ్యి పట్టుకున్నాను.

"వదినా, రైలెక్కి వెళ్ళు. ఇల్లు నేను చూసుకుంటాను."

"వెళ్ళి ఏమని చెప్పను? బిళ్ళ కోసం ఆపాను, ఈలోగా మీరు పోతారేమోనని భయమేసి వచ్చాను అనా?" అంది. ఆ తొట్టి పక్కనే నేల మీద కూలబడి భోరుమని ఏడ్చింది. "నా అంత మూర్ఖురాలు లేదే జీటా" అంది. నిజానికి ఆ మాటకోసం ముప్ఫై ఏడేళ్ళు ఎదురుచూశాను. తీరా వింటే ఏమీ బాగోలేదు. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను.

అంత ఏడ్చీ వెళ్ళలేదు, మొండిఘటం అని ఊరికే అన్నారా? రెండు కిలోల పొగబెట్టిన మాంసం, ఒక జామ్ సీసా కట్టి పంపింది. గుండె ఆపరేషనైనవాడికి పంది మాంసం ఎవరైనా పంపుతారా అంటే, వాసనైనా చూస్తాడు అంది. లోపల పెట్టిన ఉత్తరంలో వడగళ్ళ వాన గురించీ, పిందెల గురించీ రాసింది. పెళ్ళి ఊసు లేదు. నాలుగో నంబరు గదిని మాత్రం ఆ వేసవంతా ఎవరికీ ఇవ్వలేదు. కాదనడం చేతకాని మనిషి జీవితంలో మొదటిసారి ముగ్గుర్ని వెనక్కి పంపింది. మెట్లున్నాయని గుర్తొచ్చి, ఆ గదిలో సామానంతా కింద అరుగు పక్క గదిలోకి దింపించి, తలుపు మీద నంబరు కూడా ఊడదీసి అక్కడ తగిలించింది. ఆ మంచం మోసి మా ఆయనకి వారం రోజులు నడుం పట్టేసింది.

వచ్చాడు. అక్టోబరు రెండో శనివారం, చెప్పిన బస్సుకే దిగాడు. చిక్కిపోయాడు, చొక్కా వేలాడుతోంది. బస్టాండు నుంచి మా గుమ్మానికి పదినిమిషాల ఎక్కుడు. దారిలో మూడుచోట్ల ఆగి, తోటలు చూస్తున్నట్టు నటించాడు. ఆఫ్రా కిటికీ వెనక నిలబడి ఆయన ఆగిన ప్రతిసారీ నా చెయ్యి నొక్కింది. ఎదురెళ్ళి, "రండి రౌషర్ గారూ, కాఫీ చల్లారిపోతోంది" అని మాత్రం అంది.

ఆ మరుసటి శనివారం సభ. పందిరి కింద బల్లలు వేశాం, చిట్టచివరి ద్రాక్ష గుత్తులు ఇంకా వేలాడుతున్నాయి. బార్లీ సూప్, రొట్టెముక్కల ఉండలు, పుల్ల క్యాబేజీ, కొత్త వైన్. గదుల్లో దిగిన వాళ్ళూ, ఇరుగుపొరుగూ అంతా కూర్చున్నారు. బాజావాళ్ళు నలుగురు వచ్చారు, ఇద్దరికి అప్పుడే వైన్ తలకెక్కింది. ఆఫ్రా పండగ దుస్తులు వేసుకుని, గోడకి మేకు కూడా కొట్టించి ఉంచింది.

ఎగాన్ వచ్చాడు. చేతిలో పళ్ళబుట్ట ఉంది, కాగితాల కట్ట ఉంది, మొహంలో మాత్రం కళ లేదు. ఆవిడని పక్కకి పిలిచి మెల్లిగా చెప్పబోయాడు. ఆఫ్రాకి మెల్లిగా అన్నది తెలియదు కదా, ఏంటి గొణుగుతున్నావు, పైకి చెప్పు అంది.

"కోత పనుల్లో పడి ఈ పొద్దునే లెక్క చూశాం ఆఫ్రా. అతిథి దిగినప్పుడు నువ్వు పంపే నమోదు చీటీలు ఇరవై నాలుగే ఉన్నాయి. ఏడేళ్ళ కిందటిది లేదు. చీటీ లేకపోతే ఆ ఏడు వచ్చినట్టు కాదు. వచ్చే ఏడు ఘనంగా చేద్దాం, నా మాట నమ్ము."

బాజాలు ఆగిపోయాయి. ఆఫ్రా ఇప్పుడు ఆ కాగితాలు చించి పళ్ళు అతని మీదకి విసురుతుందని నేను పళ్ళబుట్ట పక్కకి జరిపాను. గెబ్‌హార్టే ముందు లేచాడు. "ఫరవాలేదండీ, ఇంకో ఏడు ఆగుదాం. ఆగడం నాకు అలవాటే" అని నవ్వాడు. నవ్వుతూనే కుర్చీ వీపు పట్టుకున్నాడు. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా పట్టుకున్నాడు. అది నేను చూశాను. ఆఫ్రా కూడా చూసింది.

అప్పుడు నాకు ఆ ఏడు గుర్తొచ్చింది. కోతల మొదటి వారంలో ఆఫ్రా నిచ్చెన మీంచి పడి చీలమండ విరగ్గొట్టుకుంది. మేమంతా చీకటితో తోటలోకి పోతే చీకటి పడ్డాకే రావడం. పది రోజులకని వచ్చిన గెబ్‌హార్ట్ అయిదు వారాలు ఉండిపోయాడు. తన గది పిల్లలున్న ఒక జంటకి ఇచ్చేసి, పొయ్యి పక్కన చెక్కబల్ల మీద పడుకున్నాడు. ఏడు గదులకీ కాఫీలు మోశాడు, ఆఫ్రాని మెట్లు దింపాడు, ఇస్త్రీ చేస్తానని నా దిండు గలీబులు మూడు మాడ్చాడు. గది తీసుకోలేదు కనుక ఆవిడ చీటీ రాయలేదు. అంతే జరిగింది.

ఆఫ్రాకీ అది గుర్తొచ్చినట్టుంది. కోపమంతా ఎటుపోయిందో, మొహం మెత్తబడిపోయింది.

"ఎగాన్, నీ లెక్క సరిగ్గానే ఉంది" అంది. "ఆ ఏడు ఈయన అతిథిగా రాలేదు. ఏడేళ్ళ నుంచీ నేను ఇంటి మనిషి దగ్గర గది అద్దె పుచ్చుకుంటున్నాను, చూడు నా బుద్ధి."

తర్వాత గెబ్‌హార్ట్ వైపు తిరిగి, "వచ్చే ఏడు కాదు. ఇప్పుడే చెబుతున్నాను, సరే" అంది. ఆయనకి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ కుర్చీలోనే కూర్చుండిపోయాడు. బాజావాళ్ళకి ఏం వాయించాలో తోచక పెళ్ళిపాట ఎత్తుకున్నారు, సగంలో శ్రుతి తప్పింది. ఊరి పత్రిక కోసం వచ్చినవాడు వాళ్ళిద్దరినీ ఫోటో తీశాడు. ఎగాన్ అందరికంటే ఎక్కువ తాగి, ఇలాంటి ఫోటో తన హోటల్ గోడ మీద ఒక్కటీ లేదని అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు.

మర్నాడు పొద్దున నేను ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి వెళ్ళేసరికి గెబ్‌హార్ట్ భోజనాల గది మధ్యలో నిలబడి ఉన్నాడు. ఎనిమిది కొట్టింది. తెల్ల చొక్కా వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని వచ్చాడు. అన్ని బల్లల మీదా కప్పులు పెట్టి ఉన్నాయి, కిటికీ దగ్గర ఆయన కూర్చునే చోట మాత్రం ఏమీ లేదు. ఏం చెయ్యాలో తెలియక నావైపు చూశాడు. వంటింటి తలుపు తోసుకుని ఆఫ్రా కాఫీ కూజాతో బయటికి వచ్చింది.

"ఇక్కడ అతిథులు తింటారు" అంది. "నువ్వు లోపలికి రా. గుడ్లు ఉడుకుతున్నాయి, చూస్తూ ఉండు."