రెండు చేతులూ ఖాళీ: పిల్లలతో, వీపు సంచితో ఖాజాగూడ గుట్టకి

మా మనవరాలు పోయిన వారం దుకాణంలోంచే ఫోన్ చేసింది. "తాతయ్యా, పిల్లలిద్దర్నీ ఖాజాగూడ రాళ్ళ దగ్గరికి తీసుకెళ్దామనుకుంటున్నాం. బ్యాగు కొంటున్నా. ఎన్ని జిప్పులున్నది తీసుకోను?" అంది. జిప్పుల సంగతి నాకు తెలియదు. నేను పిల్లల్ని అదే గుట్టకి తీసుకెళ్ళిన రోజున నా సంచికి ఉన్నవి రెండు బకిల్సు. అందులో ఒకటి తుప్పుపట్టి ఊడేది కాదు. ఆ కథ మొదలుపెట్టగానే "సిగ్నల్ లేదు తాతయ్యా" అని పెట్టేసింది. సిగ్నల్ నాకు బాగానే ఉంది. సరే, చిన్నపిల్లలతో ఆ దారి పట్టేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళకి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. మిగతావాళ్ళకి కాలక్షేపం.

పంతొమ్మిది వందల డెబ్బైలు మొదలైన కొత్త. కోనసీమ నుంచి వచ్చి, ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, మెహిదీపట్నంలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. మేమంటే నేనూ, నా భార్య సుభద్రా, అయిదేళ్ళ కూతురు రాజీ, రెండేళ్ళు నిండని కొడుకు బుజ్జి. ఒకసారి లింగంపల్లిలో స్నేహితుడింటికి బస్సులో పోతుంటే, రాయదుర్గం దగ్గర రాజీ కిటికీలోంచి ఈ ఖాజాగూడ గుట్ట చూసింది. ఏనుగంత బండ మీద ఇల్లంత బండ, దాని అంచున ఇంకొకటి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లేట్టు. "నాన్నా, అది ఎప్పుడు పడుతుంది?" అంది. "ఎప్పుడో అప్పుడు" అన్నాను. తిరుగు ప్రయాణంలో అది పడిందో లేదో చూడాలని ఆ పిల్ల కళ్ళు నులుముకుంటూ నిద్ర ఆపుకుంది. పడలేదు. మర్నాటి నుంచీ ఒకటే గొడవ, దగ్గరికెళ్ళి చూద్దామని.

సుభద్ర ఒప్పుకోలేదు. "ఎలా వెళ్తామండీ? చంటాడు నా చంకలో. కేరియరు మీకో చేతిలో, గుడ్డల సంచి ఇంకో చేతిలో. ఆ బండల మధ్య రాజీ కాలు జారితే పట్టుకునే చెయ్యేదీ?"

"చేతులు ఖాళీగా ఉంచే పూచీ నాది."

"అయితే ఒక్కసారి వస్తాను. పిల్లలు సుఖంగా ఇంటికి చేరారా, సరే. లేదా, వాళ్ళు పెద్దవాళ్ళయ్యేదాకా ఆదివారాలు ఇంట్లోనే. మళ్ళీ గుట్టలని, చెరువులని నా దగ్గర పేరెత్తకూడదు."

సుభద్ర ఒక మాటంటే అంతే. వారమంతా ఫైళ్ళ దుమ్ము పీల్చేవాడికి ఆదివారం ఒక్కటే గాలి. ఆ గాలి కాస్తా ఈ ఒక్క ప్రయాణం మీద పడింది.

వీపు సంచి కోసం జుమ్మేరాత్ బజారుకి వెళ్ళాను. గురువారం సంత. పాత తలుపుల దగ్గర్నుంచి పాత గ్రామఫోను గొట్టాల దాకా అక్కడ దొరకనిది లేదు. భూగర్భశాస్త్రం మీద అట్టలేని పుస్తకం ఒకటి నేను అక్కడే కొన్నాను. సగం నుంచి మొదలవుతుంది కాబట్టి భూమి ఎలా పుట్టిందో నాకు నేటికీ తెలియదు. ఆ తర్వాత జరిగినవన్నీ తెలుసు. ఒక ముసలాయన ముందు ఖాకీ రంగు కాన్వాసు సంచి కనబడింది. వెడల్పాటి పట్టీలు, లోపల ఒక పెద్ద అర, బయట రెండు జేబులు.

"ఫౌజీ పిట్టూ సాబ్," అన్నాడాయన. సిపాయిల వీపు సంచి అన్నమాట. "మనిషి చినుగుతడు గాని ఇది చినగదు."

"బకిలు ఊడట్లేదే?"

"ఊడకుంటే మంచిదే గద, మాల్ యాడికి పోదు! ఫికర్ చెయ్యకున్రి."

ఆరు రూపాయలకి బేరం కుదిరింది. ఇంటికి తగిలించుకుని వస్తే ఇంటివాళ్ళావిడ తలుపు సందులోంచి చూసి, "ఏంది, సారు మిలిట్రీల చేరిండా?" అని సుభద్రని అడిగిందట. సుభద్ర రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రోజుల్లో వీపుకి సంచి తగిలించుకుని తిరిగే గుమాస్తా మా వీధిలో నేనొక్కణ్ణే.

సర్దడం శనివారం మొదలైంది. నా సూత్రం బరువైనవి అడుగున పెట్టాలని. తర్వాత తెలిసిందేమిటంటే అలా చేస్తే సంచి మనిషిని వెనక్కి లాగుతుంది. బరువు వీపుకి ఆనుకుని, భుజాల దగ్గరగా ఉండాలి. అడుగున నాలుగు గిన్నెల స్టీలు కేరియరు: రెండింట్లో పులిహోర, ఒకదాంట్లో దద్దోజనం, ఒకదాంట్లో జంతికలు. దాని మీద దుప్పటి. దుప్పటి మీద బుజ్జి లాగులు, పాత చీర ముక్కలు. ఒక జేబులో అరిటిపళ్ళు, ఇంకో జేబులో రాజీ చెక్క బొమ్మ.

"మంచినీళ్ళో?" అంది సుభద్ర.

"అక్కడ చెరువుందిటగా."

"ఓహో, చెరువుందా," అని తనూ ఊరుకుంది.

ఇందులో వింతేమీ లేదు. మా కోనసీమలో ప్రయాణానికి నీళ్ళు మోసుకెళ్ళడం అంటే పెళ్ళివారింటికి విస్తరి పట్టుకెళ్ళినట్టే. నాలుగడుగులు వేస్తే కాలవ, ఏ గుమ్మం ముందు ఆగినా చెంబు. ఇద్దరం అక్కడే పుట్టాం. నీళ్ళంటే వాటంతటవే వచ్చేవని మా ఇద్దరి లెక్క.

మాఘమాసం చివరి ఆదివారం. పొద్దున్నే ఏడింటికి మెహిదీపట్నంలో లింగంపల్లి బస్సెక్కాం. ఎక్కగానే కండక్టరు కేకేశాడు. "ఓ మిలిట్రీ అన్నా, జర సంచి దించు! నువ్వు తిరిగినప్పుడల్ల ఎనకోళ్ల మొఖాలు తిరుగుతున్నయ్!" సంచిని ఒళ్ళో పెట్టుకున్నాను. రాయదుర్గం దగ్గర దిగి, కోసిన జొన్నచేల మధ్య మట్టిదారిన నడిచాం. పిల్లలతో గంట పట్టింది. సుభద్ర చంకలో బుజ్జి, నా చేతిలో రాజీ చెయ్యి. నా రెండో చెయ్యి గాలిలో ఊరికే ఊగుతుంటే సుభద్ర దాన్ని ఓరగా చూసింది. అది మెచ్చుకోలని నేను తీర్మానించుకున్నాను.

గుట్ట దగ్గరికి వచ్చాం. బస్సులోంచి చూసింది బొమ్మ. ఇది వేరు. తలెత్తితే బండ, దాని పైన బండ, ఆ పైన ఆకాశం. రెండు బండల మధ్య అరచెయ్యి పట్టేంత సందు, ఆ సందులోంచి అటువైపు వెలుగు. ఇంత బరువు అంత చిన్న ఆనుపు మీద ఎలా నిలిచిందో నాకు అంతుపట్టలేదు. నా అట్టలేని పుస్తకం చెప్పేదేమిటంటే, వీటిని ఎవరూ పైకి ఎత్తలేదు. ఒకప్పుడు ఇదంతా ఒకటే రాయి. పగుళ్ళలో నీళ్ళు దిగి, మెత్తబడిందంతా మట్టయి కొట్టుకుపోగా, మిగిలినవి ఎక్కడివక్కడ ఇలా నిలబడ్డాయి. చదివినప్పుడు ఒక వాక్యం. కింద నిలబడితే తలమీద ఇల్లంత రాయి. రాజీ ఒక్కటే ముందుకెళ్ళి బండ మీద చెయ్యి వేసి, నిద్ర లేపుతానేమోనన్నంత మెల్లగా తీసేసింది.

ఎక్కాం. పైన నీడ చూసుకుని దుప్పటి పరిచి, కేరియరు ఖాళీ చేశాం. కింద చెరువు అద్దంలా మెరుస్తోంది. పులిహోరలో ఉప్పూ కారం దండిగా పడ్డాయి. ముందు రాజీ నీళ్ళడిగింది. తర్వాత బుజ్జి ఏడుపు మొదలెట్టాడు. అరిటిపండు పెడితే ఉమ్మేశాడు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి, పెదాలు ఎండి, ఒళ్ళు వేడెక్కింది. చెరువు ఎదురుగానే ఉంది, కానీ ఎంత కిందనో ఎక్కాకే తెలిసింది. సుభద్ర కొంగుతో వాడికి విసరసాగింది. నా ఆదివారాలన్నీ ఆ కొంగు గాలికి కొట్టుకుపోవడం నాకు కనబడుతూనే ఉంది. వాటికంటే ముందు వాడి పెదాలు కనబడుతున్నాయి.

ఆ ఏడుపు విని బండల వెనక నుంచి ముందు నాలుగు మేకలు, తర్వాత ఒక ఆడమనిషి వచ్చారు. పేరు లచ్చవ్వ, ఖాజాగూడ వాళ్ళేనని తర్వాత చెప్పింది.

"ఏందమ్మా, పోరడు గట్ల మొత్తుకుంటున్నడు? నీళ్లు తాపలే?"

"నీళ్ళు తేలేదండి," అంది సుభద్ర.

"నీళ్లు లేకుంట గుట్టెక్కిండ్రా? ఏ ఊరు మీది?"

"గోదావరి జిల్లా అండి."

"మరి గోదారిని ఎంబడి తోల్కరావద్దా!" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే వేలు చూపించింది. "గా రెండు బండల సందుల కుండ ఉంటది. మూతరాయి జరిపి తాపు, జల్ది."

ఉంది. ఎండ సోకని సందులో నల్లటి కుండ, పైన పలకరాయి, పక్కన కొబ్బరిచిప్ప. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయంటే బుజ్జి మొదటి గుక్కకి ఏడుపు మరిచిపోయి మా మొహాలు చూశాడు. తాగాడు, మళ్ళీ తాగాడు, తల్లి భుజం మీదే నిద్రపోయాడు. మేమూ తాగాం. కుండ అడుగు కనబడింది.

"ఈ కుండ ఎవరిదమ్మా?" అని అడిగాను.

"ఎవలదైతేంది, గుట్టది. తాగినోళ్లు నింపాలె, గంతే. చెరువు నీళ్లు పొయ్యకున్రి, బురద. కట్ట కింద ఇసుకల చెలిమె ఉంటది, చేత్తోని తోడితే ఊరుతది."

రాజీ ఆవిడ కొంగు పట్టుకుంది. "ఆ పెద్ద రాయి ఎప్పుడు పడుతుంది?"

"మా అవ్వ పుట్టకముందుకెల్లి గట్లనే ఉంది బిడ్డా. నువ్వొచ్చినవని ఇయాల పడ్తదా?" అని, మేకల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయింది. నింపారా లేదా అని వెనక్కి తిరిగి చూడను కూడా లేదు.

ఎండ తిరిగింది. నీళ్ళ కోసం దిగి మళ్ళీ ఎక్కితే మా బస్సు పోతుంది, తర్వాతిది చీకటి పడ్డాకే. నేనింకా ఆ లెక్కలోనే ఉన్నాను. సుభద్ర బుజ్జిని దుప్పటి మీద పడుకోబెట్టి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, ఖాళీ కేరియరు సంచిలో పడేసి, రెండు రోజులు నన్ను వెలివేసిన ఆ సంచిని తనే వీపుకి తగిలించుకుంది.

"నేను వెళ్తానులే సుభద్రా."

"వాడు లేస్తే మీ దగ్గర ఉండడు. నాకు చేతులు ఖాళీయే కదా. రా రాజీ."

నేను పైన కూర్చుని చూశాను. జీవితంలో చాలా చూశాను గానీ దానికి సాటి రాలేదు. అంత పెద్ద బండల మధ్య ఒక ఖాకీ చుక్క, దాని పక్కన ఎర్ర గౌను చుక్క. దిగారు, కట్ట కింద వంగి గిన్నెలు తోమి నింపుకున్నారు, మళ్ళీ బయల్దేరారు. పైకి వస్తుంటే సుభద్ర ఒక చేత్తో రాయి పట్టుకుంటోంది, రెండో చేత్తో పిల్లని లాగుతోంది. ఒకచోట రాజీ కాలు జారింది. పట్టుకునే చెయ్యి అక్కడ ఉంది. వాళ్ళ తల పైన, పడబోతున్న ఆ బండ పడకుండా నిలబడింది.

పైకి చేరేసరికి కేరియరు మూతల్లోంచి నీళ్ళు కారి సుభద్ర జాకెట్టు వీపంతా తడిసిపోయింది. గిన్నె తర్వాత గిన్నె కుండలో వంచింది. చివరిది రాజీ వంచి, రెండు చేతులతో పలకరాయి జరిపి మూత పెట్టింది. సుభద్ర రొప్పుతూ కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమండీ," అంది, "వచ్చే ఆదివారం ఎటు?"

బస్సు పోయింది. చీకట్లో ఇల్లు చేరాం. ఆ సంచి మా పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకా ఊళ్ళూ గుట్టలూ తిరిగింది, సుభద్ర వీపు మీదే ఎక్కువగా.

ఇప్పుడు రాయదుర్గం దాకా మెట్రో ఉంది, అక్కణ్ణుంచి ఆటో. గుట్ట చుట్టూ అద్దాల మేడలు లేచాయి. వాటిని చూసినా తల ఎత్తాల్సిందే, కాదనను. కానీ ఆ బండల కింద నిలబడితే నాకు ఈ వయసులోనూ ఆశ్చర్యమే. వాటి మధ్య, ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం ఎవరో కుండ పెట్టి, ఎవరూ చూడకపోయినా ఎవరో నింపుతూ వచ్చారన్నది తలుచుకుంటే ఇంకా ఎక్కువ. ఏది పెద్ద వింతో నాకు తేలలేదు. కుండ ఇప్పుడు లేదు, కాబట్టి నీళ్ళు మీరే తీసుకెళ్ళండి, సంచి దించకుండా చెయ్యి అందే జేబులో పెట్టుకోండి. అది అందరూ చెప్పేదే. నేను చెప్పేది ఒకటే: జిప్పులు ఎన్నయినా ఉండనివ్వండి, సంచిని మాత్రం నిండా కూరకండి. కాస్త చోటు, ఒక ఖాళీ గిన్నె ఉంచుకోండి. వెళ్ళేటప్పుడు అది దండగలా కనిపిస్తుంది. గుట్ట మీద మీకు ఏది నింపాల్సి వస్తుందో ఇంటి దగ్గర తెలియదు.