బొగ్గుకు పథ్యం

"నీ కాటా సెడిపోనాదిరా వీరన్నా!"

సన్యాసిరాజు అరుపుకి పెందుర్తి మెయిన్‌రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్లు తలలు తిప్పి చూశారు. పాత ఇనుము కొనే వీరన్న మాత్రం బెదరలేదు. ఈ అరుపులు ఆ కొట్టుకి కొత్త కావు. విరిగిన ఫ్యాను రెక్కలకీ తుప్పు పట్టిన సైకిళ్లకీ మధ్య నేల మీద ఇనప పలక కాటా ఉంది. దాని మీద సన్యాసిరాజు పెంచుకున్న నల్లకుక్క బొగ్గు నిలబడి ఉంది. నిలబడింది అనే కంటే, కాళ్లు జారిపోకుండా ఆపుకుంటోంది అనాలి. వీపు మీద చెయ్యి వేస్తే వెన్నుపూసలు చేతికి గుచ్చుకునేలా ఉన్నాయి.

"కాటా బాగానే ఉంది బావా. ఇప్పుడే గదా నీ ఎదర గుండు ఎట్టి సూపించినాను. కుక్కే తగ్గిపోతంది. జొరంతో పడున్నప్పటికన్నా తక్కువ తూగతంది."

"కాటా గురించి నాకు సెప్తావేటిరా?"

ఆ మాట అనడానికి సన్యాసిరాజుకి హక్కుంది. పోర్టులో లారీ కాటా దగ్గరే ఉద్యోగమంతా గడిపిన మనిషి. శృంగవరపుకోట అవతల ఒక పల్లెలో రేకుల బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, ఆ ఊరి నుంచి పోర్టు గేటు దాటిన మొదటివాడు. ఇనప ఖనిజం లారీ కాటా ఎక్కకముందే, వెనక చక్రాల మీద స్ప్రింగు బద్దీలు వంగిన తీరు చూసి బరువు చెప్పేసేవాడు. కాటా వేసి చూస్తే ఒక గంపెడు తేడా ఉంటే ఉండేది, లేకపోతే అదీ లేదు. హుద్‌హుద్ తుఫాను నాడు గది రేకులు లేచిపోతుంటే యంత్రం మీద టార్పాలిన్ కప్పి, దాన్ని కౌగిలించుకుని కూర్చున్నాడు. రిటైరైన రోజున శాలువా కప్పి, రాజుగారి కన్నే మా రెండో కాటా అని పెద్దాఫీసరు మైకులో అన్నాడు. ఇక కాలనీకి కుళాయి గొట్టం తెప్పించింది ఎవరు? చీకటి సందులో దీపం వేయించింది ఎవరు? అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ సన్యాసిరాజే చెబుతాడు.

అలాంటి మనిషి ఎదురుగా ఎర్రంకెలు వెలుగుతుంటే నమ్మనంటున్నాడు.

"పోనీ నువ్వు ఎక్కు బావా. నీ బరువు నీకు తెలుసు గదా, సూడు" అన్నాడు వీరన్న.

సన్యాసిరాజు ఎక్కాడు. కాటా సరిగ్గానే చూపించింది. అది మరీ మంట పుట్టించింది. కుక్కని ఎత్తి భుజాన వేసుకుని, వీరన్నని వాళ్ల తాతల దగ్గర్నుంచి తిట్టుకుంటూ ఇంటిదారి పట్టాడు. భుజం మీద బరువే తెలియడం లేదు. ఆ తెలియకపోవడం మీద కూడా కోపం వచ్చింది.

బొగ్గు పోర్టులో బొగ్గు గుట్టల పక్కన దొరికిన కుక్క. సర్వీసు చివర్లో సన్యాసిరాజు టిఫిన్ డబ్బా సంచిలో పడి ఇల్లు చేరింది. ఈ వానాకాలం వరకూ దానికి రోగం అన్నది తెలియదు. వానలకి పిడుదులు పట్టాయి. చెవుల్లో, వేళ్ల సందుల్లో శనగగింజల్లా ఉబ్బి వేలాడాయి. జ్వరం వచ్చింది. తిండి మానేసింది. ఒక పొద్దున చూస్తే కళ్లల్లో తెల్లగుడ్డు పచ్చగా పసుపు పూసినట్టు ఉంది. కాలనీ చివర పశువుల ఆసుపత్రి పెట్టుకున్న డాక్టరు గౌరీశ్వరి సెలైన్లు ఎక్కించింది, సూదులు పొడిచింది, మాత్రలు మింగించింది. రోగం లొంగింది. పంపించేటప్పుడు చిలక్కి చెప్పినట్టు చెప్పింది:

"రోగం పోయింది అంకుల్. ఇక దీనికి తిండే మందు. ఎముకల్లేని చికెన్, గుడ్డు ఉడకబెట్టి మెత్తటి అన్నంలో కలిపి పెట్టండి. ఒకేసారి కాదు, కొంచెం కొంచెంగా రోజుకి నాలుగైదు సార్లు. నూనె, కారం, మసాలా వద్దు."

సన్యాసిరాజు చెవిలోకి 'నూనె వద్దు' అన్న ముక్కొక్కటే వెళ్లింది. మిగతాది గుమ్మం దగ్గరే వదిలేసి వచ్చాడు. పచ్చకామెర్లు వచ్చి లేచిన ప్రాణానికి గుడ్డా? కోడిమాంసమా? ఏ పుస్తకంలో చదివిందీ పిల్ల? కామెర్లకి పథ్యం అంటే ఏమిటో సన్యాసిరాజుకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? పడుచుతనంలో తనకీ వచ్చాయి. ఊళ్లో ఆకుపసరు పోసి, ఉప్పూ నూనే లేని చప్పిడి కూడు పెట్టారు. గంజి, పల్చటి మజ్జిగ, అంతే. నాలిక మీద ఉప్పురాయి పెట్టుకోకుండా పథ్యం తీరేదాకా పట్టుదలగా ఉన్నాడు, లేచి కూర్చున్నాడు. అదే ఏడు పెదనాన్న కొడుకు గవర్రాజుకీ వచ్చాయి. పథ్యం తీరకముందే పెళ్లివిందులో మాంసం ముక్క ముట్టాడు. వారం తిరక్కుండా పాడె ఎక్కాడు. ఆ పాడె ముందు కొమ్ము మోసినవాడు సన్యాసిరాజు. ఆ బరువు అతని భుజానికి ఇప్పటికీ గుర్తే.

అందుకే ఇంట్లో చప్పిడి శాసనం పెట్టాడు. బొగ్గుకి వేరే గిన్నె, వేరే కుండ. పొద్దున గంజి, రాత్రి మజ్జిగ నీళ్లలో నాలుగు మెతుకులు. వాసనకి దాని మనసు లాగుతుందని ఇంట్లో చేపలు బంద్, కోడిగుడ్డు బంద్. జాలరిపేట నుంచి ఆటోలో చేపల గంపతో వచ్చే పోతమ్మని గేటు దగ్గర ఆగొద్దని కసిరి పంపేశాడు. ఎదురింటి పిల్లలు బిస్కెట్ విసిరితే వాళ్ల నాన్నతో పోట్లాట వేసుకున్నాడు. ఇంత చేస్తే, కుక్క తగ్గిపోతోందిట!

ఇంటికి రాగానే భార్య జోగమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"నాను బైటికి ఎల్లినప్పుడు దీనికి గంజి పోత్తన్నావా, నేదా?"

"పోత్తన్నాను. అది తాగతంది. తాగి ఒంటేలు పోసేత్తంది. గంజినీళ్లు తాగి ఎవులైనా లావవుతారేటి మావా? నీ పత్తెం పున్నెమా అని నానూ సిక్కిపోనాను. రేపు నన్ను కూడా ఆ కాటా ఎక్కించు."

"ఎక్కించడానికి అది లారీ కాటా కాదు!"

"ఓలమ్మ, ఎటకారం ఒకటి! ఆ డాక్టరమ్మ గుడ్డెట్టమని సెప్పినాదా, నేదా?"

"గవర్రాజు ఎలాగ పోనాడో నీకు తెలీదేటి?"

గవర్రాజు పేరు వస్తే జోగమ్మ నోరు మూతపడుతుంది. ఈసారి పడలేదు. "గవర్రాజు తిని పోనాడు. ఇది తినక పోతాది" అని గిన్నె ఠంగుమని గట్టు మీద పడేసి వెళ్లిపోయింది.

మర్నాడు సన్యాసిరాజు ఆసుపత్రికి వెళ్లాడు, మందు పనిచెయ్యలేదని నిలదియ్యడానికి. గౌరీశ్వరి బొగ్గు పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది. కళ్లు చూసింది. పొట్ట నొక్కింది. పచ్చదనం మచ్చుకైనా లేదు.

"ఏం పెడుతున్నారు అంకుల్?"

సన్యాసిరాజు మీసం సవరించుకుని, తన పథ్యం అంతా అంచెలంచెలుగా వివరించాడు. పోర్టు సంగతి, శాలువా సంగతి కూడా మధ్యలో వచ్చాయి. ఆ పిల్ల మొహం ఎర్రబడుతూ వచ్చింది.

"మీకొచ్చింది వేరు, దీనికొచ్చింది వేరు. పిడుదుల వల్ల రక్తం పాడై వచ్చిన రోగం ఇది. అది నయమైంది. ఇప్పుడు ఒంట్లో కండ లేదు. గంజితో కండ పట్టదు. రోగం దీన్ని చంపలేకపోయింది అంకుల్, మీరు చంపుతున్నారు."

"ఏటన్నావ్?"

"మీరు విన్నదే అన్నాను."

ఇంతవరకూ సన్యాసిరాజుని ఆ మాట అన్నవాడు లేడు. బల్ల మీంచి కుక్కని లాక్కున్నాడు. "నువ్వు పుట్టకముందు నుంచి కుక్కల్ని మేపుతన్నాను నాను!" అని గుమ్మంలోంచి అరిచి వచ్చేశాడు. దారంతా ఒళ్లు మండిపోయింది. చంపడమా? తననా అనడం? బతికించాలనే గదా ఈ పాట్లన్నీ? ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మజ్జిగ గిన్నె ముందు పెడితే బొగ్గూ ముట్టలేదు. వాసన చూసి, తల అటు తిప్పుకుని, గోడకి కొట్టిన సున్నం నాకడం మొదలుపెట్టింది.

ఆ తరవాత రెండు రోజులకి పోతమ్మ గేటు ముందు ఆగింది. ఆగొద్దన్నాడని తెలుసు. తెలిసే ఆగింది. గంప దించి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"రాజు బాబూ, నాను ఏటి పాపం సేసినానని నీ గుమ్మం నాకు మూసేసినావ్? నీ పెళ్లాం సందు సివరికొచ్చి దొంగసాటుగా సేపలు కొనుక్కుని, పక్కింట్లో వండుకుని తింతంది. ఇదేటి బతుకు?"

"జోగీ!" అని ఇంట్లోకి ఒక కేక పెట్టాడు సన్యాసిరాజు.

"తిన్నాను! తింతాను! నాకేటి కామెర్లా?" అని లోపల్నుంచి అంతకంటే పెద్ద కేక వచ్చింది.

ఇటు పోతమ్మ, అటు జోగమ్మ, మధ్యలో సన్యాసిరాజు. ముగ్గురూ ఒకేసారి అరుస్తుంటే కుక్క సంగతి ఎవరూ చూడలేదు. మెట్టు దిగలేని కుక్క మెట్టు దిగింది. గేటు సందులోంచి మూతి దూర్చి, గంప మీద గోనె పట్టాని లాగి, కవళ్ల చేపలు రెండు నోట కరుచుకుంది. సన్యాసిరాజు తిరిగి చూసేసరికి ఒకటి గొంతు దిగిపోయింది.

"వదులు! వదులెహె!" అని ఒంగి దాని నోట్లో చెయ్యి పెట్టబోయాడు.

బొగ్గు గుర్రుమంది.

కుక్కపిల్లప్పటి నుంచీ ఆ నోట్లో చెయ్యి పెట్టి ఎముక లాగినా, ముల్లు తీసినా, మాత్ర వేసినా ఒక్కనాడు మూతి ముడవలేదు. నా కుక్క నా మీద గుర్రుమన్న పాపాన పోలేదు అని సన్యాసిరాజు కాలనీ అంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు అదే కుక్క పళ్లు బయటపెట్టి, చెవులు వెనక్కి విరిచి, చర్మం కింద ఉన్న ఎముకలన్నీ వణుకుతుంటే యజమాని కళ్లల్లోకి సూటిగా చూస్తోంది. చెయ్యి ఇంకాస్త ముందుకొస్తే కొరికేస్తుంది. అందులో సందేహం లేదు.

సన్యాసిరాజు చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"దానికి ఆకలి బాబూ. నువ్వెవులో అది సూడదిప్పుడు" అంది పోతమ్మ, గొంతు తగ్గించి. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

బొగ్గు రెండో చేప కూడా తినేసి, సిమెంటు మీద మిగిలిన పొలుసులు నాకింది. సన్యాసిరాజు మెట్టు మీద కూలబడ్డాడు. పథ్యం తప్పిపోయింది. ఇక అయిపోయింది. జోగమ్మ కాఫీ తెస్తే వద్దన్నాడు, భోజనానికి పిలిస్తే పలకలేదు. కుక్క పక్కనే కూర్చుని, దానికి వాంతి ఎప్పుడవుతుందా, కళ్లు ఎప్పుడు పచ్చబడతాయా, ఊపిరి ఎప్పుడు ఆగుతుందా అని చూస్తూ కూర్చున్నాడు. పోతమ్మని తిట్టుకున్నాడు, డాక్టరుని తిట్టుకున్నాడు, ఎప్పుడో పోయిన గవర్రాజుని కూడా, ఆ ముక్క తినకపోతే ఏం పోయిందిరా నీకు అని పళ్లు కొరుకుతూ తిట్టాడు. తిడుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాటినీ తిట్టుకుంటూ తుడుచుకున్నాడు.

బొగ్గు మధ్యాహ్నమంతా కాళ్లు చాపి నిద్రపోయింది. ఎండ వాలాక లేచి, ఒళ్లు విరుచుకుని, గేటు దగ్గరకి నడిచి, గంప ఉన్నచోట వాసన చూసింది. వెనక్కి తిరిగి సన్యాసిరాజు మొహం చూసి తోక ఊపింది.

అతను లేచాడు. చొక్కా తొడుక్కుని సందు మలుపు దాకా వెళ్లి, కోడిమాంసం పొట్లంతో తిరిగొచ్చాడు. ఎముకల్లేకుండా కొట్టమని కొట్టువాడితో గొడవ కూడా పడి వచ్చాడు. పొట్లం జోగమ్మ ముందు పెట్టాడు.

"ఉడకెట్టు."

"ఎవులికి?"

"ఎవులికేటి! ఉడకెట్టమన్నాను, ఉడకెట్టు. నూనె ఎయ్యకు."

మొదటిరోజు గిన్నె నిండా పెట్టాడు. ఇన్నాళ్ల బాకీ ఒక్కసారే తీర్చేద్దామన్నట్టు. కుక్క ఆత్రంగా తిని అంతా కక్కేసింది. సన్యాసిరాజు డాక్టరుకి ఫోన్ చేసి కేకలు వేశాడు. "కొంచెం కొంచెంగా అన్నాను అంకుల్. వినండి. ఈసారైనా పూర్తిగా వినండి" అని గౌరీశ్వరి మళ్లీ మొదటినుంచీ చెప్పింది. ఈసారి విన్నాడు. విన్నట్టు మాత్రం ఒప్పుకోలేదు.

గుప్పెడు మాంసం, సగం గుడ్డు, మెత్తటి అన్నం. పొద్దున ఒకసారి, ఎండెక్కాక ఒకసారి, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు. ఏ పూట ఆలస్యమైనా ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. అరుపుల మధ్యే బొగ్గు వెన్ను మీద కండ పూడుకుంది. రోమం నిగనిగలాడింది. దీపావళి దాటాక ఆసుపత్రి బల్ల మీద తూచి గౌరీశ్వరి నవ్వింది. "పాత బరువుకి దగ్గరపడింది. ఇక చాలు, లావు చెయ్యకండి" అంది. "అదీ మీరే సెప్పాలేటి" అని గొణిగాడు సన్యాసిరాజు.

ఆ సాయంత్రం గేటు దగ్గర వీరన్నని, ఇద్దరు ముగ్గురు కాలనీవాళ్లని నిలబెట్టి చెబుతున్నాడు. "సచ్చిపోద్దన్నారు దీన్ని. నానే లేపినాను. ఈ సేతుల్తో."

లోపల వంటగదిలో కోడిగుడ్డు పొట్టు తీస్తున్న జోగమ్మకి చిర్రెత్తుకొచ్చింది. గుడ్డు చేత్తోనే పట్టుకుని బయటికొచ్చింది.

"సెప్పింది డాక్టరమ్మ. వండింది నాను. తిన్నాది కుక్క. మద్దిలో నువ్వేటి సేసినావ్ మావా?"

వీరన్న నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు. సన్యాసిరాజు నుదుటి నరం ఉబ్బింది. నోరు తెరిచాడు. పోర్టూ, శాలువా, కుళాయి గొట్టం అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. ఏదీ పనికిరాలేదు.

"నాను ఒప్పుకున్నాను గదే!" అని అరిచాడు. "అదేటి సిన్న పనేటి?"

పెళ్లయిన ఇన్నేళ్లలో జోగమ్మ ఆ మాట ఈ మనిషి నోట విన్నది లేదు. గుడ్డు చేతిలోనే ఉంచుకుని అలా చూస్తూ నిలబడిపోయింది.

"ఏటి సూత్తన్నావ్? బేగెట్టు. దానికి టైమైపోనాది" అని కసిరాడు సన్యాసిరాజు.