ఏసీ గదిలో ఎండదెబ్బ

మా రీసెర్చి గైడు కళ్లద్దాలు తీసి టై కొసతో తుడిచినాడంటే, ఆ పొద్దు టెస్టు ఫెయిలయిందని అర్థం. తిరుపతిలో ఒక డెంటల్ కాలేజీ ల్యాబులో ఆయన కింద పనిచేసిన రోజుల్లో ఆ తుడుపు చాలాసార్లు చూసినాను.

ఒక కంపెనీ వాళ్లు కట్టుడు పళ్లు చేసే కొత్త పొడి పంపినారు, అది నోటికి విషమవుతుందేమో టెస్టు చెయ్యమని. దాంతో బిళ్లలు పోసి, నానబెట్టి, ఆ నీళ్లు గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద వేస్తే, కణాలన్నీ చచ్చిపోయినాయి.

"కణాలకు ఎండదెబ్బ తగిలుంటుంది. మళ్లా చెయ్యప్పా" అన్నాడు ఆయన, అద్దాలు తుడుచుకుంటా.

ఏసీ గదిలో, మూసిన పెట్టెలో ఉండే కణాలకు ఎండదెబ్బంట. చచ్చినప్పుడల్లా మళ్లా చేసినాను. ఎట్లనో ఒకసారి బతికినాయి. అప్పుడు మాత్రం మళ్లా చెయ్యమనలేదు. ఆ ఒక్క రిజల్టే కంపెనీకి పంపి, వాళ్ల మీటింగులో శాలువా కప్పించుకుని వచ్చినాడు.

ఆ పొడితోనే మా కాలేజీకొచ్చే ఊరోళ్లకు పళ్లు కడతా ఉన్నప్పుడు, ఆయన పాకాల నుంచి వాళ్లమ్మను పళ్లు కట్టించడానికి పిలుచుకొచ్చినాడు. నేను ఆ కొత్త పొడి డబ్బా మూత తీస్తా ఉంటే చెయ్యి పట్టుకున్నాడు.

"మాయమ్మకు అది వద్దు. పాతదాంతో చెయ్."

"మనం పాస్ చేసిందే కదా సార్."

ఆయన అద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టినాడు.

"చెప్పింది చెయ్యప్పా."

ఆయన నోట నేను విన్న నిజమైన రిజల్టు అదొక్కటే. దానికి టెస్టు కూడా అక్కర్లేకపోయింది.