నా క్లారినెట్ ఏడుపు

మాది రాచర్ల. పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాను. ఫోన్లో జాజ్ విని విని, స్వరాన్ని కిందికి జార్చడం, ఊదుతూనే గొంతులో గుర్రుమనడం నేర్చుకున్నాను. పోయిన వేసవిలో మార్కాపురంలో ఒక పెళ్ళి ఎదుర్కోలులో మొదటిసారి అట్ల వాయించినాను.

పెళ్ళికూతురు నాయన మీదికొచ్చినాడు. "ఏందిరా ఆ ఏడుపు? పెళ్ళికొచ్చినావా, పీనుగ కాడికొచ్చినావా?" అని క్లారినెట్ లాక్కొని, నోటికాడుండే రీడు పుటుక్కున విరిచి నా మొహాన కొట్టినాడు. చుట్టూ ఉన్నోళ్ళు నవ్వినారు. రీడు లేకుంటే అది ఉత్త కట్టె.

అప్పగింతలప్పుడు ఆ మనిషే మళ్ళీ వచ్చినాడు. "ఒరే, వీడియో తీస్తున్నారు. పొద్దుటి ఏడుపు ఇప్పుడు వాయించు."

జేబులో ఇంకో రీడు ఉంది. తీయలేదు. "విరగ్గొట్టింది నువ్వే గదన్నా. నువ్వే ఏడ్వు" అన్నాను.

కొట్టడానికి చెయ్యెత్తినాడు. అంతలో కూతురు కారెక్కింది. ఎత్తిన చెయ్యి అట్లనే ఉండిపోయింది. నిజంగానే ఏడ్చినాడు, గొంతు జారతా, గుర్రుమంటా, అచ్చం నా క్లారినెట్ లెక్కనే.

నాకు జాలేమీ కలగలేదు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. కానీ ఆయన ఏడుపు చివర్లో ఒక విరుపుంది. దాన్ని పట్టుకున్నాను. ఇప్పుడు ప్రతి పెళ్ళి అప్పగింతల్లో అదే వాయిస్తున్నాను.