ప్రభువు వాకిలి

ఎలిశబెతు నిమ్మళంగా కూర్చుని ప్రార్థన చేసిన ఆదివారం లేదు. దొరవారిసత్రం దిగువన, పులికాటు సరస్సు గట్టు మీది పేటలో గుల్లలు కాల్చి సున్నం చేసే మనిషి ఆమె. గుడిలో నోరు పాట పాడుతుంటే ప్రాణం గోడ అవతల కొట్టుకులాడేది. అక్కడ తమ్ముడు అబ్రహాము నులకమంచం మీద ఎండలో ఉండేవాడు. తాటిచెట్టు మీంచి పడ్డప్పటినుంచీ వాడి నడుం వంగదు, నొప్పికి చేతులతో ఎత్తనివ్వడు. గుడి పక్క వాకిలిలో మంచం పట్టదు.

పడమటి వాకిట్లో పడుతుంది. కమాను మీద సున్నపు సింహాలున్న పెద్ద వాకిలి అది. కానీ అది ‘ప్రభువు వాకిలి’. ప్రభువు వచ్చిననాడే తెరవాలని పెద్దల మాట. జనం ఆ సింహాల కింద వంగి దణ్ణం పెట్టుకుని, పక్క సందులోంచి ఒక్కొక్కరే లోపలికి పోయేవారు.

పందొమ్మిదివందల అరవయ్యో సంవత్సరం వేసవిలో అబ్రహాముకు వడదెబ్బ తగిలి స్పృహ తప్పింది. మర్నాడు తాంబూలానికి సున్నం కోసం వచ్చిన ముసలి బోయీ ముత్యాలయ్యతో చెప్పుకుంది ఎలిశబెతు.

“ఆ ప్రభువు ఎప్పుడొస్తాడో, ఆ వాకిలి ఎప్పుడు తెరుస్తారో తాతా!”

ముత్యాలయ్య పడీపడీ నవ్వాడు. “ఏ ప్రభువమ్మే? మా జమీందారు ప్రభువు! గుడి కట్టించింది ఆయన గదా. పండక్కొస్తే పల్లకీ దిగేవాడు కాదు. ఆ వాకిలి పల్లకీ కొలతకి పెట్టించినాడు. మోసినోణ్ణి నేను!”

ఇన్నేళ్లూ తను వంగింది ఎవరికి?

మళ్లీ ఆదివారం గుడికి గడ్డపారతో వచ్చింది. సంఘపెద్ద కృపాదానం అడ్డం నిలబడ్డాడు.

“నీకు ముందే తెలుసా పెద్దయ్యా?”

“మా నాయన చెప్పినాడు. పెద్దోళ్లతో మనకెందుకమ్మా గొడవ?”

“జమీందారీ పోయి ఎన్నేళ్లాయె! మద్రాసు రాష్ట్రానికీ మనకూ నడుమ ఎల్లరాళ్లే పీకి పాతతా ఉండారు, ఈ తలుపు కదిలితే తప్పొచ్చిందా? మన ప్రభువు కాలినడకన తిరిగినాయన. పల్లకీ ఎక్కినోడికి నేను కావలుండను. లెయ్ అడ్డం!”

కృపాదానం పక్కకు తప్పుకున్నాడు. తలుపుకు కొట్టిన మేకులు ఊడాయి. ముత్యాలయ్య కూడా వచ్చి మంచం కోడు ఒకటి పట్టాడు, పేటవాళ్లు ముగ్గురు మిగతావి పట్టారు. మంచం కమాను దాటుతుంటే అబ్రహాము అరిచాడు: “నిదానంరా! దొరవారు వేంచేస్తా ఉండారు!” గుడంతా గొల్లున నవ్వింది.

అలవాటైన కాళ్లు ముత్యాలయ్యను తిన్నగా జమీందారు పల్లకీ దించే రాతి గద్దె దగ్గరికి లాక్కుపోయాయి.

“అక్కడొద్దు తాతా. మనోళ్ల నడుమ దించు.”

దించారు. పాట మొదలైంది. ఎలిశబెతు మాత్రం కూర్చోలేదు. గడ్డపార చేతిలోనే ఉంది, చూపు ఆ గద్దె మీద ఉంది.