జడ నీడ

కళ్యాణదుర్గంలో ఒక చిన్న ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా చేరిన కొత్తలో, ఛాతీ ఎక్స్‌రే ఎలా చూడాలో మా పెద్ద డాక్టరుగారు నాకు ఒక వరస నేర్పారు. ముందు పేరు, తేదీ. తర్వాత ఏది కుడి, ఏది ఎడమ. ఆపైన రెండు ఊపిరితిత్తులనూ పక్కపక్కనే పోల్చుకుంటూ పై నుంచి కిందికి రావాలి. గాలి నల్లగా, ఎముక తెల్లగా పడుతుంది. నల్లగా ఉండాల్సిన చోట తెలుపు కనిపిస్తే అదేమిటో తేలేదాకా కుర్చీలోంచి లేవకూడదు.

మా దగ్గర ఎక్స్‌రే తీసే ఆయన ఆడవాళ్ల జడలు పైకి ముడి వేయించేవాడు కాదు. జడ భుజం మీద పడితే ఊపిరితిత్తి పైభాగాన మసక నీడ వస్తుంది. మొదట్లో రెండుసార్లు దాన్ని క్షయ అని హడావుడి చేసి నవ్వులపాలయ్యాను. ఆ తర్వాత అలాంటి నీడ కనిపిస్తే జడేలే అని దాటేసేదాన్ని. తెలివి వచ్చిందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం, పెద్ద డాక్టరుగారు పొద్దున తీయించిన ఎక్స్‌రే నా కంప్యూటర్లో తెరిచాను. రెండు నెలలుగా దగ్గుతున్న ఒక రైతు భార్యది. కుడివైపు పైన అదే నీడ. ఆమె భర్త గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమన్నా ఉండాదా మేడం? లేకుంటే మూడు గంటల బస్సుకు పోతాము."

"ఏమీ లేదన్నా. దగ్గు మందు రాస్తాను."

ఆయన మొహం తేటపడింది. చీటీ అందుకుని భార్యను లోపలికి పిలిచాడు. ఆమె నాకు దండం పెట్టబోతుంటే దగ్గు తెర వచ్చి వంగిపోయింది. తలమీది కొంగు జారింది. కింద నున్నటి గుండు.

"గుండు ఎప్పుడు చేయించుకున్నావక్కా?"

"పోయిన వారం, తిరుపతిలో. ఈ పాడు దగ్గు పోతే సాలని మొక్కుకొంటి."

ఎక్స్‌రే తీసింది ఆ పొద్దున్నే. నీడ తెర మీద అలాగే ఉంది. చూసీ చూడనట్టు వదిలేసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఈ బస్సుకు పోవద్దు, కూర్చోండి" అన్నాను.

"ఇప్పుడే కదా మేడం, ఏమీ లేదంటిరి?" అన్నాడాయన.

ఆమె కొంగు తలమీదికి లాక్కుని, భర్త చేతిలోని చీటీ తీసుకుని నా బల్ల మీద పెట్టింది.