బెల్లం తిన్న కొండగుర్రం

నా చిన్నప్పుడు, మా ఊరికి ఆటోలు తిరగడం మొదలైన రెండువేల దశకం తొలినాళ్లలో, మా నాన్న ఒక కొండగుర్రాన్ని ఇంటికి తెచ్చాడు. అనకాపల్లి దగ్గర్లో చెరకు పండించే కుటుంబం మాది. గానుగ దగ్గర పిప్పి మోయడానికి ఆ గుర్రాన్నిచ్చింది మా మేనత్త. ఆవిడ కాపురం రోలుగుంట అవతల, కొండ కింది ఊళ్లో.

గుర్రం నాన్న భుజం దాకా కూడా రాదు. గాడిదను తోలుకొచ్చావా అని ఊరంతా నవ్వింది. నాన్నకు తల కొట్టేసినట్టయింది. దాన్ని మేపి చూపిస్తానని పంతం పట్టాడు. పని మాన్పించి రాటకు కట్టేశాడు. పూటపూటా బెల్లం ముద్దలు, ఉడికించిన ఉలవలు. ఒళ్లు నిగనిగలాడింది, మెడ బలిసింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు మండుకొస్తుంది.

ఒక ఉదయం అది కదల్లేదు. ముందుకాళ్ల మీద బరువు ఆనకుండా వెనక్కి వాలి వణుకుతోంది. తిని బద్ధకం పట్టిందని నాన్న కర్ర ఎత్తాడు. మమ్మల్ని చూడటానికి అప్పుడే వచ్చిన మేనత్త సంచీ కింద పడేసి ఆ కర్ర లాక్కుంది. వంగి గిట్టలు తడిమింది. నా చెయ్యి పట్టుకుని వాటి మీద పెట్టింది. కాలిపోతున్నాయి.

“ఏటి పెట్టేవురా దీనికి? బెల్లమా? నీ పరువు కోసం దీన్ని సంపేత్తన్నావు!”

ప్రేమతోనే పెట్టానని నాన్న గొణిగాడు.

“ప్రేమా? ఇదేటి తింటాదో ఒక్కమాటైనా నన్నడిగేవా?”

గిట్టల చుట్టూ చల్లటి బురద మెత్తి, నీళ్లు పోస్తూ అత్త సాయంత్రం దాకా తిడుతూనే ఉంది. నేను బిందెలు అందించాను. నవ్విన వాళ్లలో ఒక్కడూ చెయ్యి వేయలేదు. ఆ తిట్ల మధ్యే తెలిసింది, ఆ జాతి సంగతి. ఎప్పుడో సంతలకు సరుకు మోసిన వర్తకుల గుర్రాలు కొండల్లో మిగిలిపోయాయని కొందరంటారట, నిజమెంతో ఎవరికీ తెలియదు. తరతరాలుగా ఎండుగడ్డి తిని, నాడాలు లేకుండా రాళ్లదారుల్లో బరువులు మోశాయి. పొట్టి ఒళ్లు, గట్టి గిట్ట, కొంచెంతో సరిపెట్టుకునే పొట్ట. అది దాని లేమి కాదు, దాని బలం. ఆ బలానికి మా బెల్లమే విషమై, గిట్టల్లోకి వాపుగా దిగింది.

గుర్రం బతికింది. కానీ మళ్లీ బరువు మోయలేదు, కొండ ఎక్కలేదు. అత్త దాన్ని వ్యానులో ఎక్కించుకుని తీసుకుపోయింది. నాన్నతో చాలాకాలం మాట్లాడలేదు.

ఆవిడ కోపం నాకు మిగిలింది. మా ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా పిల్లల చదువో పెళ్లో తామే తేల్చేసి, “అంతా నీ మంచికే” అంటే చాలు, నాకు ఆగదు. ఆ పిల్లల్ని అడిగారా అని అందరి ముందూ అరిచేస్తాను. నన్ను గయ్యాళి అంటారు. అననీ.